అప్పన్న వదిలి వెళ్లిన భయం

మా ఆవిడకి ఎదుటి మనిషి బాధ అర్థం కాదని మొదట అన్నది నేనే. ఇంకెవరైనా అని ఉంటే చేత్తో దులిపేసేది. మొగుడు అన్నాడు కాబట్టి మనసులో పెట్టుకుంది. జరిగినదంతా అక్కడి నుంచే మొదలైంది కనుక, ఆ తప్పు ముందే ఒప్పేసుకుంటున్నాను.

సుభాషిణి పన్నెండేళ్లు టీవీలో వార్తలు చదివింది. అది మానేశాక విశాఖపట్నంలో మా ఫ్లాట్‌లోనే చిన్న గది గోడలకి దళసరి దుప్పట్లు కొట్టి 'ఎదురెదురుగా' అని ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. వారానికి ఒక అతిథి, గంట సేపు మాటలు. తను మాట్లాడిస్తుంది, నేను రికార్డు చేసి అతుకులు సరిచేస్తాను. రేడియోలో ఇరవై ఏళ్లు సౌండ్ పని చేసినవాణ్ని, పేరు జోగారావు. ఆ ఫ్లాట్‌లో మాతోపాటు మా ఏడేళ్ల కూతురు లిఖిత, దాని రంగు పెన్సిళ్లు.

సుభాషిణి తెలుగు కడిగిన ముత్యంలా ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎదుటివాళ్లు ఏడుస్తున్నా ఆమె కళ్లు కాగితం మీదే ఉంటాయి. బాయిలర్ పేలి కొడుకుని పోగొట్టుకున్న ఒక టీచరమ్మ మాట రాక ఆగిపోతే, ఈవిడ "మంచిదండీ, ఇప్పుడు మీ బాల్యం గురించి చెప్పండి" అంది. ఆ భాగం కింద కామెంట్లలో ఒకాయన, మేడమ్ ఇంటర్వ్యూ చేస్తున్నారా, స్టేషన్లో వాంగ్మూలం తీసుకుంటున్నారా అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్లి పైకి చదివి వినిపించాను కూడా.

"నీకు ఎదుటివాళ్ల బాధ అర్థం కాదే సుభా. అడగడం వచ్చు, వినడం రాదు," అన్నాను.

తను పొయ్యి కట్టేసి గదిలోకి వెళ్లిపోయింది. మూడు రోజులు "వడ్డించాను" తప్ప ఇంకో మాట లేదు. నాలుగో రోజు వాళ్ల తమ్ముడు శేషగిరికి ఫోన్ చేసింది.

శేషు ఒక విశ్వవిద్యాలయంలో నరాల మీద పరిశోధన చేస్తాడు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల లోపల ఏం జరుగుతోందో పక్కన ఉండి సేవ చేసేవాళ్లకి తెలియడానికి అతను రెండు మెడపట్టీలు తయారు చేశాడు. ల్యాబ్‌లో ఎవరినీ అడగకుండా వాటిని భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని మా ఇంటికి పట్టుకొచ్చాడు. ఒకటి వాళ్లక్క మెడకి చుట్టాడు, ఒకటి నాకు.

"ఏమీ అనిపించడం లేదురా," అంది సుభాషిణి.

అప్పుడే ట్యూబులైటు వెనక నుంచి బల్లి బయటికొచ్చింది. బల్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం పోతుంది. సుభాషిణికి అస్సలు లెక్క లేదు, చీపురుతో తోసేసే రకం. అలాంటిది ఆవేళ కెవ్వుమని అరిచి కుర్చీ ఎక్కింది. నేనేమో కదలకుండా కూర్చుని ఆ బల్లి వేళ్లు ఎంత చక్కగా ఉన్నాయో చూస్తున్నాను. నా జన్మలో ఒక బల్లిని అంత తీరిగ్గా చూసింది అదే మొదలు.

"నీ భయం అక్కకి వెళ్లింది బావా. అక్క నిబ్బరం నీకొచ్చింది," అన్నాడు శేషు, మేజిక్ చేసినవాడిలా చేతులు దులుపుకుంటూ. "మామూలుగా మనం ఎదుటివాళ్ల మొహం చూసి ఊహించుకుంటాం. ఇది ఊహ కాదు. వాళ్ల గొంతు బిగుసుకుంటే నీ గొంతూ బిగుసుకుంటుంది."

సుభాషిణి కుర్చీ దిగలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని నా వైపు చూసింది. "మీకు ఇంత భయమా? ఇన్నాళ్లూ నవ్వాను కదండీ మిమ్మల్ని," అంది.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె నా గురించి అలా అనడం మొదటిసారి. ఆ మాటకి నేను పడిపోయాను. పట్టీలు విప్పిన కాసేపటికి ఎవరిది వాళ్లకి తిరిగొచ్చేసింది కూడా. అందుకే అడగాల్సినవి అడగలేదు.

శేషు ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాడు. ప్రతి ఇంటర్వ్యూకి ముందు అరగంట సుభాషిణి ఒక్కతే పట్టీ పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. ఆమె ఒళ్లు నెమ్మదిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో యంత్రం రాసుకుంటుంది. ఇది ఈమెది, మిగతాది అతిథిది అని విడదీయడానికి అదే గీత. నాకు వెంటనే అర్థమైంది. మా పనిలోనూ అంతే. రికార్డింగుకి ముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేస్తాం. ఫ్యాను హోరు, కింద రోడ్డు, గోడ అవతల ఫ్రిజ్జు అందులో పడతాయి. తరవాత గొంతులోంచి వాటిని తీసేస్తాం. దాన్ని మేం మౌనం అంటాం.

"ప్రతిసారీ కొత్తగా తీయాలి బావా. మనిషి రోజూ ఒక్కలా ఉండడు," అన్నాడు శేషు.

"నాకా చెప్తున్నావు మౌనం గురించి?" అన్నాను. నా పొగరు అలాంటిది మరి.

పట్టీతో కూర్చున్న మొదటి అతిథి సూరాడ అప్పన్న. భీమిలి దాటాక ఉన్న ఒక జాలరి పల్లె అతనిది. యాభై ఏళ్లుంటాయి, వెడల్పాటి మనిషి. రెండేళ్ల కిందట తుపానులో పడవ తిరగబడి అతని తమ్ముడు ఎర్రయ్య పోయాడు, అప్పన్న ఒక్కడూ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పేపర్లో వచ్చిన కథే. అప్పన్న కూడా పేపర్లో ఉన్నట్టే చెప్పుకుపోతున్నాడు. అల వచ్చింది, పడవ బోర్లా పడింది, తమ్ముడు కనపడలేదు, అంతే. మెడపట్టీ పెడితే కాస్త తమాషాగా ఉంటుందని మాత్రమే అతనికి చెప్పాం.

ఇరవయ్యో నిమిషంలో సుభాషిణి కాగితం పక్కన పెట్టేసింది. కుడి అరచేతిని ఎడం చేత్తో రుద్దుకుంటూ అడిగింది.

"ఏ చెయ్యి, అప్పన్న గారూ?"

హెడ్‌ఫోన్లలో అతని ఊపిరి ఆగడం నాకు వినిపించింది.

"కుడిసెయ్యమ్మా," అన్నాడు. "ఆడి సెయ్యి ఈ సేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకున్నాను. మరింక నా వొల్ల అవనేదు. ఆడు జారిపోనేదమ్మా. నానే ఒగ్గీసినాను. నానే ఒగ్గీసినాను. మా ఆడదానికి కూడా సెప్పనేదు ఇది."

రెండు గంటలు మాట్లాడాడు. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగి, "ఒల్లు తేలికైపోనాదమ్మా," అని సుభాషిణికి దండం పెట్టాడు. ఆ భాగాన్ని లక్షల మంది విన్నారు. కింద ఎవరూ వెటకారం రాయలేదు. ఆ రోజంతా సుభాషిణి కుడిచేతిని ఒళ్లో పెట్టుకునే ఉంది. నేను దాన్ని చూశాను. బాగా కుదిరిన ఇంటర్వ్యూ తాలూకు అలసట అనుకున్నాను.

నా రెండో తప్పు ఆ పై వారం జరిగింది. లిఖితకి జ్వరం. అతిథి వచ్చి కూర్చున్నాడు, సుభాషిణి పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది, అరగంట మౌనానికి టైము లేదు. మొదటి రోజు తీసిన మౌనం కంప్యూటర్లో అలాగే ఉంది. దాన్నే పెట్టాను. రేడియోలో మాకిది అలవాటే. ఒక ఉగాది పొద్దున్న స్టూడియోలో నాకు గొప్ప మౌనం దొరికింది, ఒక్క చీమ చిటుక్కుమనలేదు. ఆ టేపుని పదేళ్లు వాడాను, నాటకాల్లో, ప్రసంగాల్లో, ఎక్కడ పడితే అక్కడ. ఎవరూ కనిపెట్టలేదు. మంచి మౌనం దొరికితే దాచుకోవాలని కుర్రాళ్లకి పాఠం కూడా చెప్పాను.

ఆ ఇంటర్వ్యూ ఇంకా బాగా వచ్చింది. దాంతో అరగంట కూర్చోవడం మానిపించేశాను. తరవాతి ముప్పై మంది అతిథులకీ అదే పాత మౌనం. శేషు ఫోన్ చేసి అడిగినప్పుడల్లా "తీస్తున్నాం, తీస్తున్నాం" అనేవాణ్ని.

సుభాషిణికి పేరొచ్చింది. ఆమె అడిగితే రాయి కూడా నోరు విప్పుతుందని రాశారు. ఇంట్లో మాత్రం ఒక్కొక్కటీ ఆగిపోతూ వచ్చింది. కూరలు తరిగేటప్పుడు పాడడం ఆగింది. లిఖితని ఎత్తుకోవడం ఆగింది. ఏడేళ్ల పిల్లని ఇంకా ఎత్తుకోవడమేమిటిలే అనుకున్నాను. ఒకరోజు లిఖిత నా దగ్గరికొచ్చి చాడీ చెప్పినట్టు చెప్పింది.

"నాన్నా, అమ్మ నా చెయ్యి పట్టుకోవట్లేదు."

"ఎప్పుడు?"

"రోడ్డు దాటేటప్పుడు. నేనిస్తే లాగేసుకుంటోంది. చున్నీ కొస ఇచ్చి ఇది పట్టుకో అంటోంది."

మర్నాడు బడి వదిలే వేళకి వాళ్లకి తెలియకుండా వెళ్లి కిళ్లీకొట్టు పక్కన నిలబడ్డాను. అక్కడ సిటీ బస్సులు ఆగకుండా మలుపు తిరుగుతాయి. లిఖిత చెయ్యి చాచింది. సుభాషిణి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. పిల్ల చున్నీ కొస పట్టుకుని దిగింది. సగం దూరంలో చున్నీ జారింది. బస్సు హారన్ కొట్టింది. పిల్ల ఒక్కతే పరిగెత్తి అవతలికి చేరింది. సుభాషిణి రోడ్డు మధ్యలో నిలబడిపోయి తన కుడిచేతి వంకే చూసుకుంటోంది. అప్పుడు నాకు వేసిన భయాన్ని నేను ఇంకెవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక నిలదీశాను.

"పట్టుకుంటే వదిలేస్తానండీ," అంది నేల చూపులు చూస్తూ. "నాకు తెలుసు వదిలేస్తానని. ఒకసారి వదిలేశాను కదా."

"ఎప్పుడు వదిలావే? ఎవరిని?"

ఆమె తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. జవాబు తనకీ తెలియడం లేదు.

పని ఎక్కువై ఇలా అయిందనుకున్నాను. ఏడుపు కథలు ఆపేసి ఒక వారం నవ్వుకునే మనిషిని పిలుద్దామన్నాను. అలా మాడుగుల నుంచి బంగారమ్మ గారు వచ్చారు. అరవై ఐదేళ్ల మనిషి, నలభై ఏళ్లుగా హల్వా చేస్తున్నారు. గదిలోకి వస్తూనే లిఖితతో సహా మా ముగ్గురి నోళ్లలోనూ తలో ముక్కా పెట్టారు. కష్టమేమిటో ఎరగని మొహం. మైకు ముందు కూడా గోధుమపాలు తీయడం, కట్టెల పొయ్యి, పాకం అంటి తిట్లు తిన్న కొత్తకోడలు కబుర్లే. నేను గది గోడకి బిగించిన అద్దం ఇవతల కూర్చుని హాయిగా నవ్వుకుంటున్నాను.

"పాకం ముదిరిపోనాదనుకో, ఇంకేటి సేస్తాం, దించీడమే," అంటున్నారావిడ. "దించీసి..."

ఆగిపోయారు.

"దించీసి?" అంది సుభాషిణి.

"సల్లగా ఉందమ్మా," అన్నారు బంగారమ్మ గారు. గొంతు మారిపోయింది. "నీల్లు సానా సల్లగా ఉన్నాయి. పడవ మీద పడిపోనాది. ఆడి సెయ్యి నా సేతిలోనే ఉంది. ఎర్రయ్యా, వొరే ఎర్రయ్యా..."

ఆవిడ జన్మలో పడవెక్కలేదు. మా పాడ్‌కాస్ట్ వినలేదు. ఎర్రయ్య ఎవరో ఆవిడకి తెలిసే దారే లేదు. కుడిచెయ్యి బల్ల మీద బిగుసుకుని వేళ్లు ఒక్కొక్కటీ విచ్చుకుంటున్నాయి. ఎదురుగా సుభాషిణి పెదవులు కూడా అవే మాటలకి కదులుతున్నాయి. రెండు గొంతులూ కలిసి నా చెవుల్లో పడ్డాయి.

"నానే ఒగ్గీసినాను. నానే ఒగ్గీసినాను."

తలుపు తోసుకుని వెళ్లి రెండు పట్టీలూ లాగి పారేశాను. రెండో పట్టీ లాగేటప్పుడు గోరు తగిలి సుభాషిణి మెడ గీరుకుపోయింది. బంగారమ్మ గారు కుర్చీలో ముడుచుకుపోయి పసిపిల్లలా ఏడ్చారు. "నానెవుల్ని సంపీసినాను బాబూ?" అని అడిగారు. మీరెవరినీ చంపలేదమ్మా, అది మీది కాదు అని సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. నాలుగు రోజులకి ఆవిడ తేరుకున్నారని వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కనని కూడా చెప్పమన్నారట.

ఆ ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున్నే శేషు పరుగున వచ్చి వాళ్లక్కకి పట్టీ పెట్టి అరగంట కూర్చోబెట్టాడు. కంప్యూటర్లో రెండు గీతలు పక్కపక్కన పెట్టాడు. పాతది సన్నగా, తిన్నగా ఉంది. కొత్తది పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

"అక్క ఇప్పుడు ఊరికే కూర్చుంది బావా. ఇది ఆమె మౌనం," అన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు. "ఎన్నాళ్ల నుంచి పాతది వాడుతున్నావు?"

చెప్పాను. అతను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అంటే యంత్రం ఇంకా ఆ మొదటి రోజు మనిషినే అక్క అనుకుంటోంది. అప్పన్న ఎదురుగా రెండు గంటలు కూర్చుంటే వచ్చి లోపల ఉండిపోయినదాన్ని కూడా ఎదురుగా ఉన్న అతిథిదే అనుకుని మళ్లీ అక్కకే పోసింది. ప్రతి వారం. నిబ్బరం అనుకుని అతిథికి పంపింది కూడా చివరికి అదే."

నాకు ఇక చెప్పక్కర్లేదు. స్పీకరు ముందు మైకు పెడితే కూత పెడుతుంది. ఆ కూతలో అన్ని శబ్దాలూ ఉండవు. అన్నిటికన్నా గట్టిగా ఉన్న ఒక్కటి తిరిగి తిరిగి పెరుగుతుంది, మిగతావి అందులో మునిగిపోతాయి. ముప్పై మంది దుఃఖాల్లో అప్పన్న భయం గట్టిది. నా భార్య లోపల అది ముప్పై వారాలుగా కూత పెడుతోంది.

"తీసేయడం ఎలా?"

"తీసి పారేయడం కుదరదు బావా. ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. ఎదురుగా గంట పైన కూర్చుని, కావాలని పుచ్చుకోవాలి. ఎవరిదో వాళ్లకిస్తే మంచిది, వాళ్ల ఒంటికి అలవాటు."

ఆ మధ్యాహ్నమే అప్పన్న ఊరికి బయలుదేరాను. దారంతా ఒకటే ఆలోచన, అంత హాయిగా వెళ్లినవాణ్ని మళ్లీ నీ నరకం నువ్వు తీసుకో అని ఏ మొహం పెట్టుకుని అడగడం అని. వాకిట్లో అతని భార్య పోలమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. నేనెవరో చెప్పగానే చేతిలోది కింద పడేసి లేచింది.

"నువ్వేనా బాబూ ఆ మెడకి కట్టినోడివి? ఏటి తీసీసినావు మా ఆయన్లోంచి?"

"ఏమైందమ్మా?"

"భయం నేదు ఆయనకి. తుపాను జెండా ఎగరేసినా ఎలిపోతాడు. అందరూ ఎనక్కొచ్చీసినాక ఈయనొక్కడూ లోనికెల్తాడు. మొన్న పడవలో నీల్లు నిండిపోతంటే నవ్వుతా కూకున్నాడంట, పక్కనోల్లు సెప్పినారు. తమ్ముడి మాటెత్తితే పొరుగూరోడి మాట ఇన్నట్టు ఇంటాడు. భయం నేని మనిసితోటి ఎలాగ ఏగీది బాబూ? సముద్రం మీద బతికీవోడికి భయమే కదా కాపలా. ఆయనది ఆయనకి ఇచ్చీండి."

నేను అడగడానికి వెళ్లింది ఆవిడే నన్ను అడిగింది. మెట్ల మీద అతను తేలికైపోయిందన్నప్పుడు మేమంతా ఎంత మురిసిపోయామో గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్పన్న వల భుజాన వేసుకుని వచ్చాడు. విషయమంతా చెప్పాను. శ్రద్ధగా విని, తల గోక్కుని, నవ్వాడు.

"నాది మీ ఇంటికాడ ఉండిపోనాదన్న మాట. దానిదేటుంది బాబూ, వొచ్చి పట్టుకెలిపోతాను. పాపం అమ్మగారికేల ఆ బరువు? బేస్తవారం వొస్తాను."

"ఇప్పుడే రండి. కారులో తీసుకెళ్తాను."

"రేపు సేపల ఏట ఉంది కదా. నా ఒక్కడి కోసం పడవ ఆగుద్దేటి? బేస్తవారం."

పోలమ్మ బతిమాలింది. నేనూ బతిమాలాను. అతను మా ఇద్దరినీ చూసి, చిన్నపిల్లలు అర్థం లేని మారాం చేస్తున్నట్టు, "ఏటవుద్ది?" అన్నాడు. నిజంగానే ఏమవుతుందో అతనికి తెలియలేదు. తెలియజెప్పే వస్తువు మా ఇంట్లో ఉంది.

బుధవారం తెల్లవారేసరికి సముద్రం రంగు మారింది. మా బాల్కనీ నుంచి చూస్తే ఒక్క పడవ లేదు. పొద్దున్న పదకొండు గంటలకి పోలమ్మ ఫోన్ చేసింది. ఏడవడం లేదు. జెండా చూసి మిగతా ఇద్దరూ దిగిపోతే అతనొక్కడే నెట్టుకుని వెళ్లిపోయాడని చెప్పింది. పడవ శుక్రవారం దొరికింది. అప్పన్న దొరకలేదు.

ఎవరిది వాళ్లకి ఇచ్చేయడమనే దారి అలా మూసుకుపోయింది. సుభాషిణికి చెప్పకుండా ఉండలేకపోయాను. విని, గోడకి జారబడి కూర్చుంది.

"ఇంక ఇది నాతోనే ఉంటుంది," అంది. "అలాగే పోనివ్వండి. లిఖితని మీరే బడికి తీసుకెళ్లండి. నా దగ్గరికి రానివ్వకండి దాన్ని."

అప్పుడే లిఖిత వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "అమ్మా, నేనేం చేశాను?" అంది. సుభాషిణి చేతులు చీర కింద దాచుకుంది.

ఆదివారం ఉదయం లిఖితని పక్కింట్లో బొమ్మలేసుకోమని పంపి, గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాను. శేషు నా మెడకి పట్టీ కట్టాడు. ఈసారి ఇద్దరి మౌనాలూ కొత్తగా తీశాడు, నన్ను నమ్మకుండా తనే తీశాడు.

"వద్దండీ," అంది సుభాషిణి. "మీకు బల్లిని చూస్తేనే..."

"భయపడడం అలవాటున్నవాడికి ఇంకో భయం ఎక్కువేం కాదే," అన్నాను. అబద్ధం అది. పారిపోవాలని ఉంది. శేషుని కూర్చోమందామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను, ఒప్పుకోవాలి.

ఇంటర్వ్యూ ఎలా చెయ్యాలో ఆమెకి నేను ఎన్నో పాఠాలు చెప్పాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఒక్కటీ పనికిరాలేదు. నాకు ఒక్క ప్రశ్నే దొరికింది.

"ఏముంది, సుభా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అల గురించి, చీకటి నీళ్ల గురించి, ఉప్పు మింగిన గొంతు గురించి. మొదట వింటున్నాను. కాసేపటికి వినడం పోయి నా కుడి అరచేతిలోకి చల్లగా ఒక చెయ్యి వచ్చింది. దాని వేళ్లు, దాని గోళ్లు, ఉంగరం వేలి మీద వల కోసిన పాత గీత. నన్ను నమ్ముకుని నా చేతిలో ఉంది. నేను దాన్ని వదిలేయబోతున్నాను. అది నాకు ఖాయంగా తెలుసు.

సుభాషిణి ఆగింది. నా మొహం చూసి భయపడింది.

"ఇంకా ఉందా?" అన్నాను.

"ఉంది. చాలండీ, ఆపేద్దాం."

"ఇవ్వు."

గంటన్నర పట్టింది. ఇంకా ఉందా అని ఎన్నిసార్లు అడిగానో తెలియదు. చివరిసారి అడిగినప్పుడు ఆమె లోపల వెతుక్కున్నట్టు కళ్లు మూసుకుంది. లేదన్నట్టు తలూపింది. తరవాత ఏడ్చింది. వార్తలు చదివే రోజుల్లో గానీ, పాడ్‌కాస్ట్ రోజుల్లో గానీ ఆమె అలా ఏడవగా నేను చూడలేదు.

"ఇది అప్పన్న కోసం," అంది వెక్కుతూనే. "ఇది నాదే కదండీ?"

"నీదే."

శేషు ఆ పట్టీలు రెండూ మా ఎదుటే సుత్తితో కొట్టాడు. నా లోపల ఉన్నది ఇక ఎక్కడికీ పోదు. మంచిదే. పోలమ్మ గారికి ఫోన్ చేసి, ఆయనది నా దగ్గరుందని చెప్పాను. ఆవిడ "జాగర్తగా ఉంచు బాబూ," అని పెట్టేసింది.

సోమవారం ముగ్గురం కలిసి బడికి బయలుదేరాం. నేను రానన్నాను గానీ లిఖిత ఊరుకోలేదు. బస్సుల మలుపు దగ్గర ఆగాం. సుభాషిణి మామూలుగా, ఏమీ ఆలోచించకుండా, పిల్ల కుడిచెయ్యి అందుకుంది. లిఖిత తల ఎత్తి అమ్మని చూసి, తరవాత రెండో చెయ్యి నా వైపు చాచింది.

నా అరచెయ్యి చల్లబడింది. చెవుల్లో నీళ్ల హోరు. పట్టుకుంటే వదిలేస్తాను. చెయ్యి వెనక్కి పోతోంది, జేబులోకి వెళ్లిపోతోంది. లిఖిత కళ్లు ఆ చేతి వెంటే వెళ్లాయి. ఆ చూపు నాకు తెలుసు. ఇన్ని నెలలూ అది ఆ చూపుతోనే అమ్మని చూసింది.

రోడ్డు పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాను.

"లిఖీ, నాన్నకి భయంగా ఉంది. నా చెయ్యి నువ్వే పట్టుకోవాలి. గట్టిగా పట్టుకో. నేను వదిలేసినా నువ్వు వదలకు. సరేనా?"

అది నా మొహంలోకి కాసేపు చూసింది. అమ్మ చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, రెండు చేతులతోనూ నా కుడిచెయ్యి పట్టుకుంది.

"పద నాన్నా," అంది. ముందు తను రోడ్డు మీదికి దిగింది.